రెండు ముళ్ళ దారం

అది 1938వ సంవత్సరం, జూన్ నాలుగవ తేదీ, శనివారం, తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు మొదలైంది. ఇన్నేళ్ళ తరువాత ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్పతనమేమీ కాదు. గుంటూరులో బి.ఏ. చదివే రోజుల్లో మా హాస్టలు వార్డెనుగారు ప్రతి పనికీ తేదీ, గంట వేసి నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు చేశారు. పాడైపోయిందని ఆయన పారవేయబోతుంటే అడిగి తీసుకున్న జేబు గడియారం ఒకటి నా దగ్గర ఉండేది. అది రోజుకు పావుగంట వెనకబడేది. కాబట్టి నేను నాలుగున్నర అని రాసుకున్నది నాలుగూ ముప్పావు అయినా కావచ్చు. తేదీ మాత్రం నిజం.

ఆ నోటుబుక్కును మళ్ళీ బయటికి తీయించింది మార్కాపురంలోని కంటి డాక్టరమ్మ. నా మనుమరాలి వయసుంటుంది. కిందటి వారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి ఒక అట్ట ఇచ్చి, "మీరు పేపరు ఎంత దూరంలో పెట్టుకుని చదువుతారు తాతగారూ?" అని అడిగింది. పట్టి చూపించాను. ఆమె ఒక టేపు తీసి దాని కొసను నా ముక్కు దూలానికి ఆనించి, అట్ట దాకా లాగి కొలిచింది. టేపు కొస చల్లగా తగిలింది. ఆ తరువాత ఆమె ఒక్కొక్క అద్దమూ మార్చి "ఇది బాగుందా?" అని అడగడం, నేను "బాగుందమ్మా" అనడం. నాలుగు అద్దాలయ్యాక ఆమె నవ్వింది. "అన్నీ బాగున్నాయంటే ఎట్ల తాతగారూ? ఏదో ఒకటి బాగలేదనాల గదా!" మా ఇంట్లో కళ్ళద్దాలను బాగలేదనే అలవాటు లేదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. చెబితే మా నాయన సంగతంతా చెప్పాలి. బయట బెంచీ మీద ఇంకా పదిమంది ఉన్నారు.

మా నాయన పలకల గనిలో పని చేసేవాడు. అప్పుడు మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. మేము మద్రాసు ప్రభుత్వం కింద బతుకుతున్నామన్న సంగతి, గనిలోని పలకలు మద్రాసుకు రైలెక్కేటప్పుడు తప్ప మా పల్లెకు జ్ఞాపకం వచ్చేది కాదు. మార్కాపురం మాకు ఆరు మైళ్ళు. ఊరికి విడిగా, చిన్న ప్రార్థన గుడి చుట్టూ ఉన్న మా క్రైస్తవుల ఇళ్ళలో సగంమంది చేలలోకి, సగంమంది గనికి కూలికి పోయేవారు. గనిలో అన్ని పనులూ ఒకటి కావు. తట్టలతో రాళ్ళు మోసేవారు ఎండలో ఉంటారు. రాతిని పొరలుగా చీల్చేవారు ఆకుల పందిరి కింద కూర్చుంటారు. మా నాయన పందిరి కింది మనిషి. రాతిని రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టి, దాని అంచు మీద వెంట్రుకలాగా కనిపించే గీతను వెతికి, అక్కడ ఉలి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు కొట్టేవాడు. మూడవ దెబ్బ కొట్టవలసి వచ్చిందంటే గీత తప్పిపోయినట్టే అనేవాడు. రెండు దెబ్బలకే రాయి పుస్తకం తెరిచినట్టు విడిపోయేది. గుంటూరులో నేను ఎన్నో పుస్తకాలు తెరిచాను గాని అంత శుభ్రంగా తెరిచిన జ్ఞాపకం లేదు.

నా బి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఆ గీత ఆయనకు కనపడటం మానేసింది. రాతిని దూరంగా పెడితే కనిపించేది. కాని అంత దూరాన పెట్టి ఉలి పట్టలేడు. ఈ సంగతి ఇంట్లో మా ముగ్గురికే తెలుసు: నాయనకు, నాకు, మా అత్తకు. అత్త అంటే నాయనకు అక్క. నా చిన్నతనంలోనే అమ్మ పోతే నన్ను పెంచిన మనిషి. పగిలిన రాళ్ళు ఎక్కువవుతున్నాయని, సోమవారం కంట్రాక్టరు స్వయంగా వచ్చి చూసి పందిరి కింద ఎవరుండాలో, తట్ట ఎవరు పట్టాలో తేలుస్తాడని మేస్త్రీ శుక్రవారం అందరికీ చెప్పాడు. ఆ సాయంత్రం నాయన ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చున్నాడు.

"కళ్ళద్దాలు తెప్పించాల," అన్నాడు. "నేను రాను. బజార్లో అద్దాలు పెట్టుకుని సూసుకునేటోడికి గనిలో ఉలి ఎవడిస్తాడు? రేపు పని మానేస్తే అదొక అనుమానం. మీరిద్దరూ పోయి తెండి. సోమవారం రాయి నున్నగా చీలితే, ముక్కు మీద ఏముందని ఎవరూ అడగరు."

మనిషి రాకుండా మనిషికి కళ్ళద్దాలు ఎలా తెస్తారని ఈ కాలంవారు అడగవచ్చు. మా పల్లెలో ఒకరు మార్కాపురం పోతున్నారంటే నలుగురి కొలతలు వెంట పోయేవి. చెప్పులకు పాదమంత పొడవు చీపురుపుల్ల. గాజులకు చేతికి చుట్టి ముడివేసిన తాటాకు. మొలకూ మెడకూ దారం. దుకాణాలలో మా వాళ్ళను సరుకు తాకనిచ్చేవారు కాదు, తాకితే కొన్నట్టే లెక్క. తొడిగి చూసుకోవడం అనే మాటే లేదు. అందుకని మనుషులకు బదులు పుల్లలూ దారాలూ బజారుకు పోయేవి. కళ్ళకు కూడా ఒక పద్ధతి ఉంది. మనిషి రాతినో సూదినో చేత్తో పట్టుకుని, స్పష్టంగా కనపడేదాకా మెల్లగా దూరం జరుపుతాడు. కనపడిన చోట ఆపుతాడు. అప్పుడు ముక్కు దూలం నుంచి అక్కడికి దారం లాగి ముడివేస్తారు. ఆ దారాన్ని బట్టి మార్కాపురంలో ఒక సాయిబు తాత అద్దాలిచ్చేవాడు.

అత్త ఆ సాయంత్రమే వెలుతురు ఉండగా నాయన కళ్ళ కొలత తీసింది. కొలత ముగిసిన చోట పక్కపక్కనే రెండు ముళ్ళు వేసింది. "రెండు కండ్లకు రెండు ముళ్ళు," అంది. పక్కింటి చిన్నాయన, అంటే మా నాయన పినతండ్రి కొడుకు, తన దూడకు గంట కట్టడానికి తోలు పట్టీ తెమ్మని దాని మెడ కొలత దారం ఇచ్చాడు. దానికి అత్త ఒకే ముడి వేసింది. మా గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారి చెప్పులకు ఒక పుల్ల, చిన్నాయన కోడలి గాజులకు ఒక తాటాకు చుట్ట. ఇవన్నీ ఒక పాత గుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చింది.

తెల్లవారుజామున, నోటుబుక్కులో తేదీ గంట వేశాక, నేను ఆ మూట విప్పాను. బి.ఏ. పాసై ఇరవై రోజులయింది. ముళ్ళ దారాల మూట పట్టుకుని పట్నం బజారులో తిరగడం నాకు నచ్చలేదు. ముళ్ళు కొలతను చెడగొడతాయని కూడా అనిపించింది. బ్లేడుతో రెండు దారాలనూ ముళ్ళ దగ్గర సరిగ్గా కోసి, ముళ్ళున్న కొసలను పొయ్యిలో వేశాను. రెండు చిన్న కాగితాల మీద ఊదారంగు పెన్సిలుతో ఒకదాని మీద 'నాయన' అని, ఒకదాని మీద 'దూడ' అని చక్కని అక్షరాలతో రాసి, రాత్రి మిగిలిన గంజితో దారాలకు అతికించి, వాటిని చొక్కా జేబులో పెట్టుకున్నాను. అత్త చూస్తూ నిలబడింది.

"నువ్వు రాసింది నాకు సదవను రాదు గదరా," అంది.

"నేనున్నాను గదా అత్తా."

"ఊఁ. నువ్వున్నావు," అంది, నెత్తిన ఖాళీ గంప పెట్టుకుంటూ.

ఆరు మైళ్ళూ ఎండ రాకముందే నడిచాము. పట్నంలోకి అడుగుపెట్టగానే అత్త నడక మారింది. మా పల్లెలో గట్టిగా అడుగులు వేసే మనిషి, బజారులో ఒక పక్కగా, గోడల వెంట, ఎవరి నీడనూ తొక్కకుండా నడిచేది. నేను నా గుంటూరు నడకతో నడవబోయి, ఆమె వెనక పడలేక, ఆమె ముందు పోలేక, చివరకు ఆమె నడకనే పట్టుకున్నాను.

మొదటిది గుడ్డల దుకాణం. నాకు పంతులు ఉద్యోగానికి పోయి కనిపించడానికి చొక్కా గుడ్డ. సెట్టి పరుపు మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మేము మెట్ల కింద నిలబడ్డాము. మా తరువాత వచ్చినవారు మా పక్కనుంచి మెట్లెక్కి, కూర్చుని, గుడ్డలు విప్పించి, బేరమాడి, కొనుక్కుని దిగిపోతున్నారు. అలా నలుగురైదుగురు దిగిపోయాక సెట్టి మా వైపు చూశాడు.

"ఏమే, ఏం కావాల?"

"సొక్కా గుడ్డ సెట్టీ. మా మేనల్లుడికి. బి.ఏ. పాసైనాడు."

"బి.ఏ. అయితే ఏందే, సొక్కాకు రెండున్నర గజాలే పడతది. నిలబడండి."

నిలబడ్డాము. కొంతసేపటికి ఆయనకు ఏదో తోచినట్టుంది. దిండు కింద నుంచి ఒక ఇంగ్లీషు ఉత్తరం తీసి మెట్టు మీదికి జారవిడిచాడు. నేను తీసి చదివాను. ఆయన తెప్పించుకున్న గుడ్డల బేళ్ళు వచ్చే నెలకు గాని పంపలేమని మద్రాసు నుంచి ఒక ఏజెంటు రాసింది. చెప్పాను.

"అంతేనా? మావాడు నిన్న ఇదే సదివి, పెండ్లి పిలుపు అన్నాడే!" అని సెట్టి తలకొట్టుకున్నాడు. లోపల గుమాస్తా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వులో మేము కూడా నవ్వాము. ఉత్తరాన్ని మళ్ళీ మెట్టు మీద పెట్టాను. చదివినందుకు మా వంతు ముందుకు రాలేదు. ఇంకొక ముగ్గురు అయ్యాకే గుడ్డ దొరికింది. అత్త మాత్రం బజారు చివరిదాకా "ఉత్తరం సదివించుకున్నాడు సెట్టి, సూసినావా!" అని తనలో తానే చెప్పుకుంటూ నడిచింది.

ఇలా ఒక్కొక్క దుకాణం ముందు నిలబడటమే ఆ రోజంతా మేము చేసిన పని. కొనడానికి పట్టింది నిముషాలు. మిగిలిందంతా నిలబడటమే. చెప్పుల దగ్గర నిలబడ్డాము. గాజులామె మాత్రం ఎవరినీ నిలబెట్టలేదు. తాటాకు చుట్టను తన గాజుల వరుసలో ఒకసారి తోసి చూసి, "సన్న సెయ్యి. కొత్త కోడలా?" అని నవ్వుతూ డజను తీసి ఇచ్చింది. నడినెత్తికి ఎండ వచ్చేసరికి నా కాళ్ళు బిగుసుకుపోయాయి. అత్త ఒక కాలు మీద నుంచి ఇంకొక కాలు మీదికి బరువు మార్చుకుంటూ, దుకాణం నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, నిలబడటంలో ఒక నేర్పు సంపాదించుకుని ఉండేది. నాకు ఆ నేర్పు లేదు. ఆమెకు కూడా పాదాలు వాచాయి, చెప్పలేదు.

మధ్యాహ్నం చలివేంద్రం దగ్గరికి పోయాము. అందరికీ చెంబుతో పోసే మనిషి, మాకు వేరే పెట్టిన పొడుగు వెదురు గొట్టంలోంచి ఎత్తు నుంచి పోసేవాడు. అత్త మోచేతులు బయటికి చాచి, తల ముందుకు వంచి, ఒక్క చుక్క ఒంటి మీద పడకుండా తాగింది. నేను నాలుగేళ్ళు హాస్టలులో గ్లాసుతో తాగి తాగి దోసిలి పట్టడం మరిచిపోయాను. నీళ్ళు మణికట్ల మీదుగా మోచేతులకు, అక్కడి నుంచి చొక్కా లోపలికి, జేబులోకి కారాయి. ఒళ్ళు చల్లబడి హాయిగా కూడా అనిపించింది. కొలతలు ఉన్నది ఆ జేబులోనే.

తీసి చూసేసరికి గంజి ఊడిపోయింది. రెండు కాగితాలూ ఒకదానికొకటి అంటుకుని, తడి తగిలితే సిరాలాగా కరిగే ఆ ఊదారంగు మొత్తం కలిసిపోయి, ఒక అక్షరం కూడా మిగలలేదు. నా చేతిలో రెండు తడిసిన దారాలు, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. నా వేళ్ళు ఊదారంగు అయ్యాయి.

అత్త అక్కడే, నాలుగు అడుగుల దూరంలో, కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. "ఏది నాయనది అత్తా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆమె తన చేత్తో కొలిచిన దారం. దూడ మెడను రోజూ గోకే మనిషి. చూడగానే చెప్పేది. కాని ఉదయం ముళ్ళు కోసింది నేను. 'నేనున్నాను గదా' అన్నది నేను. చేతిని వెనక్కు పెట్టుకున్నాను.

"నేను కిరాణా కాడ నిలబడతా," అంది అత్త. "ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు. అక్కడ పొద్దుగూకుతది. సాయిబు కాడికి నువ్వు పో. నన్ను సూస్తే గని మనిషి అక్క అని ఎవరన్నా పసిగడతారు. నిన్నెవరూ గుర్తుపట్టరు, పట్నంవాడి లెక్కున్నావు."

పట్నంవాడి లెక్క ఉన్న నేను బజారు మధ్య ఆగి, బి.ఏ. చదివినవారు చేయవలసినట్టే ఆలోచించాను. నాయన పెద్ద మనిషి, చేతులు పొడవు. దూడ చిన్నది. కాబట్టి పొడవైన దారం నాయనది, పొట్టిది దూడది. ఇంతకంటే సవ్యమైన తర్కం ఉండదనిపించింది.

ముందు తోలు పట్టీలు చేసే ఆయన దగ్గరికి పోయాను. బజారు కొసలో వేపచెట్టు కింద పని చేసుకుంటున్నాడు. మా వాళ్ళకు దూరపు చుట్టం కాబట్టి, ఆ రోజు నన్ను ఆప్యాయంగా పిలిచిన మొదటి మనిషి ఆయనే. పొట్టి దారం ఇచ్చాను. రెండు వేళ్ళతో పట్టి చూశాడు.

"దూడకా ఇది, మేకపిల్లకా అబ్బయ్యా?"

"చిన్నాయన దూడకే మామా."

"ఎన్ని నెలలది?"

"అయిదు నెలలు."

"అయిదు నెలల దూడకు ఇంతే మెడ అంటే, దానికి మీ చిన్నాయన మేత పెడతన్నాడా, ఊరికే దేవుని వాక్యం సెప్తన్నాడా?"

"కొలత కొలతే మామా," అన్నాను. ఆయన నా ఊదారంగు వేళ్ళ వైపు చూసి తోలు కోశాడు.

సాయిబు తాత దుకాణం మనిషి కాళ్ళు చాపుకోవడానికి కూడా చాలనంత ఇరుకు. నన్ను చూడగానే "కూర్చో బేటా" అని పీట చూపించాడు. ఆ రోజు నాకు దొరికిన మొదటి ఆసనం అది. కూర్చోగానే తొడల్లోని నొప్పి అంతా ఒక్కసారిగా తెలిసింది. మళ్ళీ లేవాలనిపించలేదు. ఆ పీట మీదే ఉండిపోతే చాలనిపించింది. ఆయన నా దారాన్ని తీసుకుని, గాట్లు పెట్టిన తన కొలకర్ర మీద పరిచాడు. మళ్ళీ పరిచాడు.

"మీ తాతకా?"

"మా నాయనకు."

"ఎన్నేండ్లు?"

"నలభై అయిదు."

"నలభై అయిదుకు ఇంత దూరమా? ఈ దారం అరవై దాటినోళ్ళది బేటా. ఏం పని సేస్తాడు?"

గని సంగతి చెప్పకూడదు. "చేని పని" అన్నాను. ఆ తరువాత, ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గే, ఇంటరులో చదువుకున్న కాంతి పాఠమంతా ఆయనకు చెప్పాను. దూరం పెరిగితే అద్దం మందం ఎలా పెరగాలో వేలితో గాలిలో గీసి చూపించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"పుస్తకం మాట నిజమే కావచ్చు బేటా. నేను ముక్కు సూసి అద్దం ఇచ్చేవాణ్ణి. ఆ మనిషిని ఒకసారి పంపరాదూ?"

"ఆయన రాలేడు. కొలత కొలతే," అన్నాను.

ఆయన పెట్టెలోంచి ఒక ఇనుప ఫ్రేము తీసి, తన పంచె కొసతో అద్దాలు తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. "సరిపోకపోతే తీసుకురా. మారుస్తా. ఎప్పుడైనా సరే, ఆదివారం కూడా తీస్తా దుకాణం," అన్నాడు. ఈ మాటను నేను నోటుబుక్కులో రాసుకోలేదు. మరిచిపోనూ లేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. నాయన తలుపు మూసి, దీపం దగ్గర అద్దాలు పెట్టుకున్నాడు. ముందు తన అరచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేంది, నా సెయ్యి ఇంత ముసిలిదైపోయింది? ఎవరిదో సెయ్యి తగిలించినట్టుంది!"

ముగ్గురమూ నవ్వాము. అత్త కళ్ళ నీళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "బాగున్నాయా నాయనా?" అని అడిగాను. "శానా బాగున్నాయిరా. సీమ కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు," అన్నాడు. రాతిని దూరంగా పట్టుకుని చూడమని నాకు తోచలేదు. తోచినా, ఆ రోజు నాకు లేచి ఒక రాయి తెచ్చే శక్తి లేదు.

మరునాడు ఆదివారం. ప్రార్థన ముగిసి అందరమూ బయటికి వచ్చాక చిన్నాయన తోలు పట్టీ పట్టుకుని వచ్చాడు.

"ఏమయ్యా బి.ఏ.! దూడకు ఒక్క రోజులో మెడ పెరిగిందా ఏంది? సూడు, రెండు కొసలూ పలకరించుకోవడం లేదు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఉపదేశిగారు కూడా తన కొత్త చెప్పులలో నిలబడి నవ్వారు. నవ్వనిది అత్త ఒక్కతే. పట్టీని తీసుకుని, ముక్కు దూలానికి ఆనించి, చేయి చాపి చూసుకుంది. తరువాత నా వైపు చూసింది.

ఇంటి వెనక్కు పిలిచి, "రెండు ముళ్ళు ఎందుకు కోసినావురా?" అంది. అంతే. అప్పుడు నా గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మార్కాపురం ఆరు మైళ్ళు. సాయిబు దుకాణం తెరిచే ఉంటుంది. పోయి, మార్చుకుని, పొద్దుగూకేలోగా రావచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా నా పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి, నడుము నిలవడం లేదు.

"రేపు పొద్దున్నే నేనే పోతా అత్తా. ఒక్క పూట అద్దాలు లేకపోతే ఏమవుతుంది? ఇన్ని నెలలూ అద్దాలు లేకుండానే చేశాడు గదా. పెట్టుకోవద్దని నాయనకు నేను చెబుతా," అన్నాను.

"సెప్తావా?"

"చెబుతా."

ఆమె నా ముఖంలో ఏమి చూసిందో గాని, "సరే, అలిసిపోయినావు. పడుకో," అంది. తనూ అలిసిపోయింది, లేకపోతే ఆమె ఎవరినీ నమ్మి ఒక పని వదిలిపెట్టే మనిషి కాదు. నేను మంచం మీద పడుకున్నాను. లేచేసరికి సాయంత్రమయింది. నాయన ఎదురుగా కూర్చుని, ఉలిని నూరుకుంటూ, పాట పాడుకుంటున్నాడు. ఆయన పాడగా నేను విని చాలా కాలమయింది. ఆ పాట మధ్యలో చెప్పలేకపోయాను. పొద్దున్నే లేచి చెబుతాననుకున్నాను.

సోమవారం అత్త నన్ను తట్టి లేపేసరికి తెల్లగా తెల్లవారింది. ఆమె చేతిలో కొత్తగా ముడివేసిన దారం ఉంది. ఆదివారం పట్టీ మీద పెట్టి కొలుచుకున్నట్టుంది. "అద్దాలు ఏవిరా? మార్సుకొస్తా," అంది. రాత్రి గోడ మేకుకు తగిలించిన అద్దాలు లేవు. నాయన మా అందరికంటే ముందే లేచి, వాటిని పెట్టుకుని గనికి పోయాడు. బి.ఏ. చదివిన కొడుకు తెచ్చిన అద్దాలు కాబట్టి, వాటి విషయంలో ఆయనకు ఏ అనుమానమూ లేదు.

సాయంత్రం వచ్చినప్పుడు ఆయన ఎడమచేతి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. అద్దాలను జేబులోంచి జాగ్రత్తగా తీసి మేకుకు తగిలించాడు.

"అద్దాలకేం కాలేదు," అన్నాడు ముందు.

తరువాత అత్త అడిగితే చెప్పాడు. కంట్రాక్టరు ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. "రాయి ముక్కు కాడికి తెస్తేనే కనపడతది. ముక్కు కాడికి తెస్తే సెయ్యి ఆడదు. వంగి వంగి సూసి కొట్టినా. మూడు రాళ్ళు పగిలినాయి. నాలుగోది యేలు." నా వైపు తిరిగి, నన్ను ఓదారుస్తున్నట్టుగా అన్నాడు: "అద్దాలు మంచివేరా. నా కండ్లే వాటికి సాలలేదు."

అప్పుడైనా చెప్పి ఉండవలసింది. అత్త నేను చెబుతానేమోనని చూసింది. నేను చెప్పలేదు. ఆమె కూడా నన్ను బయటపెట్టలేదు, ఆ రోజూ, ఆ తరువాత ఎన్నడూ. మంగళవారం ఆమె ఒక్కతే పోయి, రెండు ముళ్ళ దారం చూపించి, అద్దాలు మార్చుకుని వచ్చింది. సాయిబు ఒక్క మాట కూడా అడగకుండా మార్చాడట. ఆ కొత్త అద్దాలతో నాయనకు రాతి అంచు మీది గీత స్పష్టంగా కనిపించింది. ఇంటి ముందు పడి ఉన్న ఒక రాతిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, రెండు దెబ్బలతో చీల్చి, ఆ రెండు పలకలనూ గోడకు ఆనించి పెట్టాడు. కాని అప్పటికి పందిరి కింద ఆయన చోటులో వేరే మనిషి కూర్చున్నాడు.

కంటి డాక్టరమ్మ అయిదవ అద్దం పెట్టి అడిగినప్పుడు, "బాగలేదమ్మా, మళ్ళీ చూడు," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆమె సంతోషించి, టేపు తీసి, మళ్ళీ నా ముక్కుకు ఆనించింది. కాలం చాలా పెద్దదని అనుకుంటాము గాని, దాన్ని కొలిచి చూస్తే, కొన్నిసార్లు ఒక మధ్యాహ్నం నిద్ర అంత మాత్రమే ఉంటుంది.

ఆ సోమవారం తరువాత మా నాయన పంతొమ్మిది సంవత్సరాలు గనిలో ఎండలో తట్ట మోశాడు, ఉలి పట్టలేదు. నేను ఆదివారం మధ్యాహ్నాలు పడుకోవడం మానేశాను.